లేఅవుట్ పార్కు స్థలం కబ్జా అయితే మున్సిపాలిటీకి అర్జీ ఎలా పెట్టాలి?

పార్కు కోసం వదిలిన జాగాలో ఎవరో రేకుల షెడ్డు వేస్తారు, లేదా పక్క ప్లాటు ప్రహరీ నాలుగడుగులు ముందుకు జరుగుతుంది. కాలనీ వాళ్లు నలుగురు వెళ్లి "మా పార్కు పోతోంది సార్, కాపాడండి" అని కమిషనర్ గారికి ఒక కాగితం ఇచ్చి వచ్చేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి అర్జీలు ఎందుకు నీరుగారిపోతాయంటే, ఆ జాగా ప్రజలదే అని చూపించే ఆధారం వాటితో ఒక్కటీ జత చేసి ఉండదు.

అందుకే ముందు కాగితాలు పోగు చేయండి. లేఅవుట్ వేసేవాళ్లు కనీసం 10 శాతం భూమిని ఖాళీ స్థలంగా వదిలి, రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్‌తో స్థానిక సంస్థకు అప్పగించాలన్నది నియమం. ఆమోదం పొందిన లేఅవుట్ ప్లాన్, ఆ గిఫ్ట్ డీడ్, ఈ రెండు కాపీలూ కావాలి. టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో నోటిమాటగా అడిగితే "ఫైలు వెతకాలి" అంటారు, కాబట్టి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో రాతపూర్వకంగా అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈలోగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ సర్వే నంబరు మీద ఈసీ (ఆ భూమిపై జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయించండి, పార్కు బిట్టును ఎవరైనా అమ్మేసి ఉంటే అందులో తెలిసిపోతుంది. పాత లేఅవుట్ అయి గిఫ్ట్ డీడ్ దొరక్కపోతే మీ సేల్ డీడ్లే తిరగేయండి. హద్దుల దగ్గర "తూర్పు: పార్కు స్థలం" అని రాసి ఉంటుంది చూడండి, పార్కుకు ఆనుకున్న ప్లాట్ల వాళ్లందరి దస్తావేజుల్లో అదే మాట ఉంటే అది గట్టి సాక్ష్యం.

ఇక అర్జీ. ఒక పేజీ దాటనివ్వకండి. లేఅవుట్ నంబరు, సర్వే నంబరు, వార్డు, పార్కు విస్తీర్ణం, నాలుగు హద్దులు, ఆక్రమణ ఏ వైపు ఎంత మేర ఉంది, ఇవి చాలు. కోరేది మాత్రం స్పష్టంగా ఉండాలి: "సర్వేయరుతో కొలిపించి, హద్దులు పెట్టి, ఆక్రమణ తొలగించి, కంచె వేయించగలరు." చెత్త, వీధిదీపాలు, కాలువలు ఇవన్నీ అదే అర్జీలో కలపకండి, అది శానిటేషన్‌కీ ఇంజనీరింగ్‌కీ తిరిగి తిరిగి అసలు విషయం మరుగున పడిపోతుంది. ఫోటోలు, ప్లాన్ కాపీ, సంతకాలు జత చేయండి.

ఎక్కడ ఇవ్వాలి అంటే, సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వొచ్చు, వార్డు సచివాలయంలో ఇవ్వొచ్చు, మీకోసం పోర్టల్‌లోనూ 1100 నంబరుకు ఫోన్ చేసీ నమోదు చేయించొచ్చు (తెలంగాణలో అయితే సోమవారం ప్రజావాణి). నా సలహా, సోమవారం మనిషే వెళ్లి ఇవ్వడం. అర్జీ నంబరున్న రసీదు లేకుండా బయటికి రావద్దు, ఆఫీసులో నేరుగా ఇస్తే మీ కాపీ మీద ఇన్‌వార్డ్ ముద్ర, తేదీ వేయించుకోండి.

తర్వాత అది టౌన్ ప్లానింగ్‌కి వెళ్తుంది, వార్డు ప్లానింగ్ కార్యదర్శి వచ్చి చూసి రిపోర్టు రాస్తారు. ఆ రోజు కాలనీ నుంచి ఇద్దరు ముగ్గురైనా ప్లాన్ కాపీ పట్టుకుని అక్కడ ఉండాలి. ఆక్రమణదారు పక్కనుండి చూపించిన హద్దే రిపోర్టులోకి ఎక్కితే, దాన్ని మార్పించడానికి నెలలు పడుతుంది. నోటీసు, వివరణ, తొలగింపు, ఇవన్నీ ఆ రిపోర్టు మీదే నడుస్తాయి.

"సంబంధిత అధికారికి పంపాం" అని రాసి అర్జీ మూసేస్తే ఊరుకోకండి, రీఓపెన్ చేయమని అడగండి, కలెక్టరేట్‌లో సోమవారం మళ్లీ పెట్టండి, తీసుకున్న చర్యల కాపీలను సమాచార హక్కు కింద కోరండి.

కొన్నిసార్లు ఆక్రమణ కాదు, పై నుంచే పార్కు జాగాను వేరే పనికి కేటాయిస్తారు. అప్పుడు 1991 నాటి బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసు తీర్పును అర్జీలో పేర్కొనండి. పార్కుకు వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు అందులో చెప్పింది, ఆ పోరాటం చేసింది అక్కడి నివాసులే. అప్పటికీ కదలిక లేకపోతే హైకోర్టులో రిట్ (అధికారులు తమ పని చేసేలా ఆదేశించమని కోరే పిటిషన్) వేయొచ్చు, ముద్ర వేయించుకున్న ఆ కాపీలే అక్కడ మొదట అడుగుతారు.