చనిపోయాక వచ్చిన ర్యాప్ ఆల్బమ్‌పై రివ్యూలు ఎలా చదవాలి?

ఇష్టమైన ర్యాపర్ పోయిన తర్వాత అతని ఆల్బమ్ వస్తే, ఆ వారం రివ్యూలు చదవడమంటే టెన్షనే. ఒకరు కన్నీళ్లు ఆగలేదంటారు, ఇంకొకరు పోయినవాడి పేరుతో వ్యాపారం చేస్తున్నారంటారు. పోయినవాళ్లను తప్పు పట్టకూడదన్న పట్టింపు మనకు ఎక్కువ. అందుకే బాగోలేదని ఎవరైనా రాస్తే కోపం కూడా వస్తుంది. నాకూ వచ్చేది. ఇప్పుడైతే ఈ వరసలో చూస్తున్నాను.

1. ముందు తేదీలు చూడండి. అమెరికన్ ర్యాపర్ నటోరియస్ బి.ఐ.జి.ని 1997 మార్చి 9న లాస్ ఏంజెలెస్‌లో కాల్చి చంపారు. అతని ఆల్బమ్ ‘లైఫ్ ఆఫ్టర్ డెత్’ మార్చి 25న వచ్చింది. మధ్యలో 16 రోజులే. ఆల్బమ్ అతను బతికుండగానే పూర్తయింది, కాబట్టి మెచ్చుకున్నా విమర్శించినా అది అతనికే చెందుతుంది. అన్ని ఆల్బమ్‌లూ ఇలా ఉండవు.

2. మిగిలిన పని ఎవరు పూర్తి చేశారో తెలుసుకోండి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, ఇక్కడ తొందరపడొద్దు.

అమెరికన్ ర్యాపర్ మాక్ మిల్లర్ 2018 సెప్టెంబర్ 7న, 26 ఏళ్లకే చనిపోయాడు. దానికి నెల ముందే అతని ఆల్బమ్ ‘స్విమ్మింగ్’ విడుదలైంది. దానికి జోడీగా ‘సర్కిల్స్’ రికార్డింగ్ అప్పటికే చాలా దూరం వచ్చింది. అతనితో కలిసి పనిచేస్తున్న సంగీత నిర్మాత జాన్ బ్రయన్, తమ మధ్య నడిచిన మాటలనే ఆధారం చేసుకుని దాన్ని పూర్తి చేశాడు. 2020 జనవరి 17న ఆల్బమ్ వచ్చింది. పాటల పట్టికలో ఒక్క అతిథి ర్యాపర్ పేరు కూడా లేదు. విమర్శకుల్లో ఎక్కువమంది మెచ్చుకున్నారు. ఆ సంయమనాన్ని గుర్తించిన రివ్యూలే నాకు నమ్మదగినవిగా అనిపించాయి.

ఇప్పుడు ర్యాపర్ పాప్ స్మోక్ ఆల్బమ్ ‘ఫెయిత్’ను దీని పక్కన పెట్టి చూడండి. అతన్ని 2020 ఫిబ్రవరిలో చంపేశారు, ఈ ఆల్బమ్ 2021 జులైలో వచ్చింది. కాన్యే వెస్ట్, దువా లిపా సహా బోలెడంతమంది అతిథులు. అసలు మనిషి గొంతు ఈ గుంపులో తప్పిపోయిందని చాలామంది విమర్శకులు రాశారు. ఆ మాట పాప్ స్మోక్‌కు తగలదు, ఆల్బమ్‌ను అతికినవాళ్లకు తగులుతుంది. ఈ తేడా తెలిశాక నా కోపం సగం తగ్గింది.

3. రివ్యూ మీద పెన్సిల్ పెట్టండి. మరణం గురించిన వాక్యాల కింద ఒక గీత, పాట గురించిన వాక్యాల కింద రెండు గీతలు. ‘సర్కిల్స్’లోని ‘గుడ్ న్యూస్’ పాట మీద రాసినవాళ్లు ఆ తీగల మెత్తని మీటు గురించి, అలసిపోయినట్టు వినిపించే ఆ గొంతు గురించి, ర్యాప్ కంటే పాటే ఎక్కువగా ఉందన్న సంగతి గురించి రాశారా? లేక చనిపోయాడు కాబట్టి గుండె బరువెక్కిందని మాత్రమే రాశారా? రెండోది సంతాపం. దానికి విలువ ఉంది, కానీ అది రివ్యూ కాదు.

4. చార్టులో స్థానాన్ని ఆల్బమ్ నాణ్యతతో కలపకండి. విమర్శలు పడ్డ ‘ఫెయిత్’ అమెరికా ఆల్బమ్‌ల చార్టు బిల్‌బోర్డ్ 200లో నంబర్ వన్‌గా వచ్చింది, మెప్పు పొందిన ‘సర్కిల్స్’ మూడో స్థానంలో ఆగింది.

5. చివరగా మీరే వినండి, ఫోన్ పక్కన పెట్టి. ‘స్విమ్మింగ్’లో ఆఖరి పాట ‘సో ఇట్ గోస్’ అయిపోగానే ఆపకుండా ‘సర్కిల్స్’ మొదటి పాట పెట్టండి. ఆ తర్వాత రివ్యూ తెరవండి.