క్రూయిజ్ ఎక్కే ముందు హెల్త్ టెస్టులు: తేదీలు వెనక నుంచి లెక్కపెట్టుకోండి

షిప్ కళ్ళ ముందే ఉంది, లగేజీ కూడా లోపలికి వెళ్ళిపోయింది, నేను మాత్రం పక్కన వేసిన టెంట్‌లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ముక్కులో పుల్ల పెట్టించుకుని గంటన్నర వెయిట్ చేశా. జబ్బేమీ లేదు, టెస్ట్ చేయించుకోలేదా అంటే అదీ కాదు, చేయించుకున్నా, కోవిడ్ నెగెటివ్ కాగితం చేతిలోనే ఉంది. కాకపోతే షిప్ ఆదివారం బయల్దేరుతుంటే నేను గురువారం శాంపిల్ ఇచ్చా, 72 గంటలు కదా అని ఎక్కడో చదివింది బుర్రలో పెట్టుకుని. తీరా చూస్తే ఆ షిప్ రూల్ రెండు రోజులు. అంటే శుక్రవారమో శనివారమో ఇవ్వాలి. కౌంటర్ దగ్గర అమ్మాయి చాలా మర్యాదగా నవ్వుతూనే పక్క లైన్ చూపించింది.

అందుకే ఎవరైనా క్రూయిజ్‌కి వెళ్తున్నాం, టెస్టులు ఏం కావాలి అని అడిగితే నేను ముందు టెస్ట్ గురించి చెప్పను, క్యాలెండర్ తీయమంటా. టెస్ట్ పది నిమిషాల పని, ఇబ్బంది పెట్టేదంతా తేదీలూ కాగితాలే.

ముందు కొంచెం వెనక కథ, ఎందుకంటే నెట్‌లో ఇంకా పాత రూల్స్ పేజీలు తిరుగుతూనే ఉన్నాయి, అవి చూసి జనం కంగారు పడుతున్నారు. 2020 ఫిబ్రవరిలో జపాన్ యోకోహామా దగ్గర డైమండ్ ప్రిన్సెస్ షిప్‌ని ఆపేశారు గుర్తుందా, అందులో 3,711 మంది ఉంటే 712 మందికి కోవిడ్ వచ్చింది. ఆ తర్వాత నెలలోనే అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ షిప్పులు కదలొద్దని ఆర్డర్ ఇచ్చింది, మళ్ళీ అక్కడ ప్యాసింజర్లతో క్రూయిజ్‌లు మొదలయ్యేసరికి 2021 జూన్ అయింది, అప్పటి నుంచి టెస్టులు, వ్యాక్సిన్ కార్డులు, మాస్కులు అని పెద్ద లిస్టు నడిచింది. 2022 జులై 18న సీడీసీ తన క్రూయిజ్ కోవిడ్ ప్రోగ్రామ్ ముగించేసింది, రూల్స్ కంపెనీల చేతికి వచ్చాయి, అవి ఒక్కొక్కటిగా తగ్గించుకుంటూ పోయాయి. కాబట్టి ఇప్పుడు మామూలు ట్రిప్పులకి చాలాచోట్ల కోవిడ్ టెస్ట్ అడగట్లేదు. అలాగని అస్సలు అడగరని అనుకోకండి, ఎక్కడైనా కేసులు పెరిగితే ఒక్క మెయిల్‌తో రూల్ మారిపోతుంది, పైగా కోవిడ్ పోయినా ఎల్లో ఫీవర్ కార్డు, హెల్త్ ఫారం, డాక్టర్ లెటర్ ఇవన్నీ అంతకుముందూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి.

రూల్ ఎవరిది అనేది మొదట తేల్చుకోండి. షిప్ కంపెనీ ఒక్కదాన్నే చూస్తే సరిపోదు. షిప్ ఎక్కే దేశం, మధ్యలో ఆగే ప్రతి పోర్టు దేశం, అక్కడిదాకా ఫ్లైట్‌లో వెళ్తే మధ్యలో దిగే దేశం, ఇవన్నీ వేరువేరుగా అడగొచ్చు, అందులో ఏది స్ట్రిక్ట్‌గా ఉంటే అదే మీ రూల్. నేనేం చేస్తానంటే బుకింగ్ నంబర్‌తో లాగిన్ అయ్యి మన ట్రిప్‌కి సంబంధించిన పేజీ తీసి, దాన్ని స్క్రీన్‌షాట్ కొట్టి తేదీ కనపడేలా దాచుకుంటా. బయల్దేరడానికి నెల ముందోసారి, వారం ముందోసారి, టెస్ట్ రోజు పొద్దున ఇంకోసారి చూస్తా. ఏజెంట్ చెప్పాడు, పోయినేడాది వెళ్ళినాయన చెప్పాడు, ఇలాంటివి కౌంటర్ దగ్గర పనికిరావు.

ఇప్పుడు లెక్క. "మూడు రోజుల ముందు", "72 గంటల ముందు", ఈ రెండూ ఒకటే అనిపిస్తాయి కానీ కాదు. షిప్ ఆదివారం సాయంత్రం 4 గంటలకి అనుకోండి. మూడు రోజులు అంటే సాధారణంగా ఎక్కే రోజుని లెక్కలో కలపరు, అంటే గురువారం, శుక్రవారం, శనివారం, గురువారం తెల్లారుజామున ఇచ్చినా ఓకే. అదే 72 గంటలు అని రాసుంటే గురువారం సాయంత్రం 4 తర్వాతే ఇవ్వాలి, పొద్దున 10కి ఇచ్చారంటే ఆరు గంటల తేడాతో కాగితం చెల్లదు. ఇంకో సంగతి, గంటల లెక్క షిప్ బయల్దేరే టైమ్ నుంచా, మీ చెకిన్ టైమ్ నుంచా, ఫ్లైట్ టైమ్ నుంచా అనేది కూడా రూల్‌లో చూసుకోండి. వేరే టైమ్‌జోన్ నుంచి వస్తుంటే ఎక్కే ఊరి టైమ్‌కి మార్చుకుని లెక్కేయండి. అన్నిటికంటే ముఖ్యం, లెక్కలోకి వచ్చేది శాంపిల్ ఇచ్చిన టైమ్, రిజల్ట్ వచ్చిన టైమ్ కాదు. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు, నిన్ననే కదా రిపోర్ట్ వచ్చింది అంటారు, శాంపిల్ ఇచ్చి నాలుగు రోజులైన సంగతి మర్చిపోయి.

ఏ టెస్ట్ అనేది తర్వాతి మాట. పీసీఆర్ వైరస్ జన్యు పదార్థాన్ని పెంచి పెంచి చూస్తుంది కాబట్టి చాలా తక్కువ ఉన్నా పట్టేస్తుంది, కానీ ల్యాబ్‌కి వెళ్ళి రావాలి, ఒక్కోసారి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. యాంటీజెన్ వైరస్ ప్రోటీన్‌ని చూస్తుంది, పావుగంటలో తేలిపోతుంది, కానీ జబ్బు మొదట్లో మిస్సయ్యే ఛాన్స్ ఎక్కువ. రూల్‌లో రెండూ ఒప్పుకుంటాం అని ఉంటే నా ఓటు యాంటీజెన్‌కే, రెండు రోజుల విండోలో పీసీఆర్ రిపోర్ట్ కోసం ఫోన్ పట్టుకుని రిఫ్రెష్ కొట్టడం నావల్ల కాదు. పీసీఆర్ మాత్రమే అంటే ఇక తప్పదు, ల్యాబ్‌ని ముందే అడగండి, వీకెండ్ పనిచేస్తారా, రిపోర్ట్ ఎన్ని గంటల్లో ఇస్తారు, పీడీఎఫ్ మెయిల్ చేస్తారా అని.

ఇంట్లో చేసుకునే కిట్ ఒప్పుకుంటారా అంటే, ఎవరూ చూడకుండా బాత్రూమ్‌లో చేసుకుని ఫోటో తీసింది చాలా కంపెనీలు ఒప్పుకోలేదు. వీడియో కాల్‌లో ఒక మనిషి చూస్తుండగా చేసి, వాళ్ళే రిపోర్ట్ పంపే రకం అయితేనే నడిచింది. దీంట్లో చిన్న చిన్న తిరకాసులు ఉంటాయి. కాల్ మొదలవ్వకముందే ప్యాకెట్ చింపేస్తే ఆ కిట్ పని అయిపోయినట్టే, సీల్ వాళ్ళకి చూపించాలి. పాస్‌పోర్ట్ పక్కనే పెట్టుకోండి, కెమెరాకి చూపించమంటారు. ఛార్జింగ్, నెట్ చూసుకోండి. ఎక్స్‌పైరీ డేట్ చూడండి, కిట్‌ని కారులో ఎండలో వదిలేయకండి. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే చేయకండి, కాసేపు బయట పెట్టి చల్లదనం పోయాక చేయండి. కిట్ మీద సీ (C) అక్షరం దగ్గర గీత రాకపోతే ఆ టెస్టే చెల్లదు. టీ (T) అక్షరం దగ్గర గీత ఎంత పలచగా ఉన్నా పాజిటివే, కళ్ళు చికిలించి చూసి లేదులే అనుకోవడం మనకి మనం చెప్పుకునే అబద్ధం. అలాగే కిట్ మీద రాసిన టైమ్ దాటాక చూస్తే లేని గీతలు కూడా కనపడతాయి, దాన్ని పట్టుకుని ఏడవకండి. ఎక్స్‌ట్రా కిట్ ఒకటి ఉంచుకోండి మనిషికి, ఎందుకంటే తప్పకుండా ఒకరు ఆ చుక్కల సీసా కింద పోసేస్తారు.

కాగితం విషయానికొస్తే, రిపోర్ట్‌లో ఉండాల్సినవి ఇవి: పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే పేరు, పుట్టిన తేదీ, ఏ రకం టెస్ట్, శాంపిల్ తీసిన తేదీ టైమ్, రిజల్ట్, ల్యాబ్ పేరు. పేరు దగ్గరే మన తెలుగువాళ్ళకి ఎక్కువ తంటా. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు మొత్తం ఉంటుంది, ల్యాబ్‌లో అలవాటుగా ఒక్క ఇనీషియల్ పెట్టి చెప్పేస్తాం, లేదంటే ముందుది వెనక వెనకది ముందు రాస్తారు. నోటితో చెప్పకండి, పాస్‌పోర్ట్ చేతికిచ్చి చూసి టైప్ చేయమనండి, స్లిప్ ఇచ్చిన వెంటనే అక్కడే నిలబడి చదవండి. ఫోన్‌లో ఒక కాపీ, ప్రింట్ ఒకటి. టెర్మినల్‌లో నెట్ సరిగ్గా రాదు, వేలమంది ఒకేసారి అదే పని చేస్తుంటారు మరి.

ఈమధ్యే కోవిడ్ వచ్చి తగ్గినవాళ్ళకి ఒక చిక్కు ఉంది. ఒంట్లో జబ్బు పోయినా పీసీఆర్ 90 రోజుల దాకా పాజిటివ్ చూపించొచ్చు. వీళ్ళ కోసమే చాలాచోట్ల వేరే దారి పెట్టారు, అప్పటి పాజిటివ్ రిపోర్ట్, దానితో పాటు కోలుకున్నారు ప్రయాణం చేయొచ్చు అని డాక్టర్ రాసిన లెటర్. అందుకే పాజిటివ్ వచ్చినప్పుడు ఆ రిపోర్ట్ చిరాకుతో డిలీట్ చేయొద్దు.

బయల్దేరే ముందు పాజిటివ్ వస్తే? వెళ్ళకండి, కంపెనీకి అదే రోజు ఫోన్ చేసి చెప్పండి, రిపోర్ట్ పంపండి. డబ్బు వెనక్కిస్తారా, ఇంకో ట్రిప్‌కి మారుస్తారా అనేది టికెట్ షరతుల్లో ఉంటుంది, ఇన్సూరెన్స్ కూడా ఉంటే దానికీ అదే రిపోర్ట్ కావాలి. ఇదంతా బుక్ చేసే రోజే చదువుకోవాల్సింది కానీ ఎవరు చదువుతారు చెప్పండి, నేనూ చదవలా. ఇంకో సలహా, రూల్‌తో పనిలేకుండా నాలుగైదు రోజుల ముందు ఇంట్లో ఒక టెస్ట్ చేసుకోండి. పాజిటివ్ అయితే ఫ్లైట్, హోటల్ క్యాన్సిల్ చేసుకునే టైమ్ అయినా మిగులుతుంది.

ఇక ఎల్లో ఫీవర్. ఇది టెస్ట్ కాదు, టీకా, కానీ దీనివల్ల ఆగిపోయే వాళ్ళు తక్కువేం కాదు. ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో ఈ జబ్బున్న దేశాల్లో షిప్ ఆగితే, ఆ తర్వాతి దేశం పసుపు కార్డు, అంటే ఈ టీకా వేయించుకున్నట్టు చూపే కార్డు, అడగొచ్చు. మీరు దిగే దేశం అడగకపోయినా, మీరు అక్కడి నుంచి వెళ్ళే దేశం అడగొచ్చు, మెలిక అదే. చాలా దేశాలు జబ్బున్న చోట ఎయిర్‌పోర్ట్‌లో 12 గంటలు దాటి ఆగినా లెక్కేస్తాయి. టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది, కాబట్టి ముందు రోజు పరిగెత్తి లాభం లేదు. వేసే సెంటర్లు కూడా గుర్తింపు ఉన్నవే అయ్యుండాలి, అవి ఊరికొకటి ఉండవు, అపాయింట్‌మెంట్ దొరకడానికి టైమ్ పడుతుంది, రెండు నెలల ముందే మొదలెట్టండి. మంచి విషయం ఏంటంటే 2016 జులై 11 నుంచి ఈ కార్డు జీవితాంతం చెల్లుతుంది, అంతకుముందు పదేళ్ళే ఉండేది, పాత కార్డు మీద పదేళ్ళని రాసున్నా సరే చెల్లుతుంది. కార్డు తీసుకున్నాక అక్కడే చూడండి: వ్యాక్సిన్ కంపెనీ, బ్యాచ్ నంబర్, తేదీ, డాక్టర్ చేతి సంతకం, సెంటర్ ముద్ర, మీ సంతకం. కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉంటే చెల్లదనే హక్కు వాళ్ళకుంది.

ఇది బతికున్న వైరస్‌ని బలహీనం చేసి చేసిన టీకా, అందరికీ పడదు. ఆరు నెలల్లోపు పిల్లలు, ఇమ్యూనిటీ బాగా తగ్గినవాళ్ళు, గుడ్డు అలర్జీ గట్టిగా ఉన్నవాళ్ళు వేయించుకోకూడదు, 60 దాటి మొదటిసారి వేయించుకునేవాళ్ళు, గర్భిణులు డాక్టర్‌తో మాట్లాడాకే. వీళ్ళకి వేయలేం అని డాక్టర్ మినహాయింపు లెటర్ ఇస్తారు, కానీ దాన్ని ఒప్పుకోవాలా వద్దా అనేది ఆ దేశం ఇష్టం, కాబట్టి లెటర్ ముందే షిప్ కంపెనీకి పంపి అడగండి.

చెకిన్ ముందు నింపే హెల్త్ ఫారం గురించి. అందులో జ్వరం, దగ్గుతో పాటు వాంతులు విరేచనాలు అడుగుతారు, దానికి కారణం నోరోవైరస్. షిప్‌లో ఒకరికి వస్తే పాకిపోతుంది, తగ్గాక కూడా రెండు వారాలు, ఇంకా ఎక్కువే ఒంట్లోంచి బయటికి వస్తూ ఉండొచ్చు. మందు వేసుకుని కడుపు కట్టేసుకుని "లేదు" అని టిక్ పెట్టేవాళ్ళు ఉన్నారు, దయచేసి అలా చేయకండి. అవును అని పెట్టినంత మాత్రాన ఇంటికి పంపేయరు, నర్సో డాక్టరో పక్కకి పిలిచి మాట్లాడతారు, చాలామందిని ఎక్కిస్తారు కూడా, లేదా కొంతసేపు క్యాబిన్‌లో ఉండమంటారు. అబద్ధం చెప్పి లోపల దొరికితే తర్వాతి పోర్టులో దింపేయొచ్చు. ఇంకోటి, శానిటైజర్ నోరోకి అంతగా పనిచేయదు, సబ్బుతో చేతులు కడుక్కోవడమే దారి, బయల్దేరే ముందు వారం నుంచే మొదలెట్టండి.

గర్భిణులకి చాలా కంపెనీల్లో ట్రిప్ అయిపోయేలోపు 24 వారాలు నిండకూడదు, ఎక్కే రోజుకి కాదు చివరి రోజుకి లెక్క, వారాలు రాసిన డాక్టర్ లెటర్ కావాలి. పసిపిల్లలకి కనీసం ఆరు నెలలు అంటారు, చాలా రోజులు సముద్రంలోనే ఉండే ట్రిప్పులకి ఏడాది. అంటార్కిటికా లాంటి చోట్లకైతే డాక్టర్ సంతకంతో మెడికల్ ఫారం అడుగుతారు, అక్కడ ఆసుపత్రికి చేరడానికే రోజులు పడుతుంది కాబట్టి దాన్ని ఫార్మాలిటీలా నింపేయకండి. రోజూ మందులు వాడేవాళ్ళు, ఆక్సిజన్, స్లీప్ ఆప్నియా మెషీన్ ఉన్నవాళ్ళు కంపెనీకి బుకింగప్పుడే చెప్పాలి, మందులు ఒరిజినల్ ప్యాకెట్‌లోనే తీసుకెళ్ళండి.

చివరి రోజు కాగితాలన్నీ చేతి బ్యాగులో, లగేజీలో కాదు. లగేజీ టెర్మినల్ గుమ్మంలోనే తీసేసుకుంటారు, మళ్ళీ మీ క్యాబిన్ ముందు సాయంత్రం కనపడుతుంది. నా ముందు లైన్‌లో ఒకాయన పసుపు కార్డు అందులోనే పెట్టి, ఆ బ్యాగు ఏ రంగో కూడా గుర్తులేక, వాళ్ళావిడ వైపు చూస్తూ నిలబడ్డాడు, ఆవిడ సముద్రం వైపు చూస్తూ నిలబడింది.