ఇంగ్లండ్‌లో నేల తవ్వే ముందు బ్యాడ్జర్ల జాడ పట్టడం ఎలా?

ఇంగ్లండ్‌లో ఇల్లు కొన్న మనవాళ్లు పెరట్లో గది వేయాలనుకుంటే ప్లానింగ్ పర్మిషన్ గురించి వాకబు చేస్తారు. కంచె పక్కనున్న బొరియను మాత్రం పట్టించుకోరు. అందులో బ్యాడ్జర్ (నేలలో బొరియ తవ్వుకుని ఉండే, ముఖం మీద నలుపు తెలుపు చారల జంతువు) ఉంటే దాన్ని చంపడమే కాదు, బొరియను పాడుచేయడం, దారి మూయడం, కుక్కను లోపలికి వదలడం కూడా నేరమే. 1992 నాటి బ్యాడ్జర్ల రక్షణ చట్టం కింద ఆరు నెలల దాకా జైలు, ఎంతైనా జరిమానా పడొచ్చు.

వేసవిలో పొదలు కమ్మేస్తాయి కాబట్టి, ఆకు రాలాక గానీ చిగురు దట్టమయ్యేలోపు గానీ చూడండి. గట్లు, వాలు నేల, పొదల అంచులు వదలకుండా నడవండి. పక్కవాళ్లను అడిగి హద్దు అవతల 30 మీటర్ల దాకా వెతకడం మంచిది.

బొరియ నోరు బోర్లించిన మూకుడులా ఉంటుంది: ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ, సుమారు 25 సెంటీమీటర్లు. నక్క బొరియ నిలువుగా ఉంటుంది, కుందేలుది బాగా చిన్నది. బ్యాడ్జర్ బొరియ ముందు తట్టలకొద్దీ మట్టి, అందులో ఎండుగడ్డి కనబడతాయి. పడకకు వేసుకున్న పాత గడ్డిని అది బయటికి లాగేస్తుంది మరి. ఆ మట్టిలోనూ ముళ్లకంచె మీదా వెంట్రుకల కోసం ఓపిగ్గా వెతకండి. నాకు అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు అదే. రెండు కొసలూ తెలుపు, నడుమ నలుపు. వేళ్ల మధ్య నలిపితే నున్నగా దొర్లదు, గతుకుతుంది.

మట్టి కప్పకుండా వదిలేసిన చిన్న పెంట గుంటలు, దాదాపు ఒకే వరుసలో ఐదు వేళ్ల ముద్ర, దాని ముందు గోళ్ల గీతలు కూడా చూడండి. నక్కకైనా కుక్కకైనా నాలుగు వేళ్లే పడతాయి.

బొరియ వాడుకలో ఉందో లేదో తేలకపోతే నోటి దగ్గర సన్నపుల్లలు వదులుగా నిలబెట్టి, రోజూ వెళ్లి చూడండి. లోపలికి కర్ర పెట్టి పొడవొద్దు. నాలుగు రోజులు పుల్లలు కదలకపోయినంత మాత్రాన ఖాళీ అనుకోకండి, ఒక్కో కుటుంబానికి కొన్ని బొరియలుంటాయి, అప్పుడప్పుడు వచ్చి పోతుంటాయి.

జాడ దొరికితే పని ఆపి ఎకాలజిస్టును, అంటే వన్యప్రాణుల జాడ పరిశీలించే నిపుణుణ్ని, పిలవండి. బొరియ మూయక తప్పదంటే ప్రకృతి సంరక్షణ చూసే ప్రభుత్వ సంస్థ నేచురల్ ఇంగ్లండ్ ఇచ్చే లైసెన్సు కావాలి. పిల్లలు ఎక్కువగా ఫిబ్రవరిలో పుడతాయి కాబట్టి, సాధారణంగా జూలై నుంచి నవంబరు దాకానే ఆ పనికి అనుమతిస్తారు.

చోటు ఎక్కడో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. కుక్కలను ఉసిగొల్పి బ్యాడ్జర్లను చంపించే వేడుకను 1835లోనే నిషేధించినా, ఆ ఘోరం దొంగచాటుగా ఇంకా సాగుతోంది. ఫోటోలో లొకేషన్ తీసేసి, ఎకాలజిస్టుకు మాత్రం చోటు విడిగా చెప్పండి.