బ్లూస్ గిటార్ నేర్చుకుందాం – 4వ పాఠం: పన్నెండు బార్లు, మూడు పాదాలు

పోయిన పాఠంలో షఫుల్ నడక పట్టుకున్నాం. ప్రతి దెబ్బకూ మనసులో 'తకిట' అనుకుంటూ, 'త' దగ్గరా 'ట' దగ్గరా మీటి 'కి'ని వదిలేయడం. అది ఇంకా తడబడుతుంటే ఈ పాఠం పక్కన పెట్టి దాన్నే వాయించండి. నడక కుదరకుండా కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) మారిస్తే ఏదీ నిలవదు.

బ్లూస్ అమెరికా నల్లజాతివారి సంగీతం. అక్కడి మిసిసిపీ డెల్టాలో జానీ బిల్లింగ్టన్ అనే బ్లూస్ కళాకారుడు ఉండేవారు. 2013లో పోయారు. షికాగోలో కార్లు బాగుచేసుకుంటూ బతికి, సొంత ప్రాంతానికి తిరిగొచ్చి, క్లార్క్స్‌డేల్ చుట్టుపక్కల పిల్లల్ని చేరదీసి వాయిద్యాలు నేర్పారు. పిల్లలకు ఆయన 'మిస్టర్ జానీ'. అదే ఊళ్లోని డెల్టా బ్లూస్ మ్యూజియం కూడా 1992 నుంచి తరగతులు నడుపుతోంది. 1999లో పుట్టిన క్రిస్టోన్ 'కింగ్‌ఫిష్' ఇంగ్రామ్ అక్కడ బిల్ పెర్రీ దగ్గర నేర్చుకున్నవాడే. 2022లో గ్రామీ అందుకున్నాడు. ఈ బోధనలో నాకు బాగా నచ్చేది, పిల్లలు గదిలో ఒంటరిగా కాకుండా బ్యాండులో నిలబడి నేర్చుకోవడం. బ్యాండులో పాట ఎక్కడిదాకా వచ్చిందో అందరికీ ఒకేసారి తెలియాలి. అందుకే పన్నెండు బార్ల దారి ముందుగా ఒంటబట్టాలి.

ఒక్కో బార్‌కి నాలుగు దెబ్బలు. మొదటి నాలుగు బార్లు ఇ (E) కార్డు, తర్వాత రెండు ఎ (A), మళ్లీ రెండు ఇ. తొమ్మిదో బార్ బి7 (B7), పదోది ఎ, చివరి రెండూ ఇ. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లు ఇని షడ్జం అనుకుంటే ఎ శుద్ధ మధ్యమం, బి పంచమం.

ఇ కార్డుకి ఆరో తీగ ఖాళీగా, ఐదో తీగ రెండో ఫ్రెట్ (గిటార్ మెడ మీది మెట్టు) మీద చూపుడు వేలు. రెండు దెబ్బలు అలా వాయించి, తర్వాతి రెండు దెబ్బలకు ఉంగరపు వేలు నాలుగో ఫ్రెట్ మీద వేయండి. ఎ కార్డుకి ఇదే పనిని ఒక తీగ కిందికి, అంటే ఐదో, నాలుగో తీగల మీదికి జరపండి. చిన్నపిల్లల వేలు నాలుగో ఫ్రెట్ దాకా సాగదు. బలవంతం చేయొద్దు, ఐదో ఫ్రెట్ దగ్గర కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే బిగింపు) పెట్టి, ఫ్రెట్లను అక్కడి నుంచి లెక్కపెట్టండి. అక్కడ ఫ్రెట్ల మధ్య ఎడం తక్కువ కాబట్టి వేలు అందుతుంది. శ్రుతి పెరుగుతుంది, పిల్లల గొంతుకు అది హాయిగా ఉంటే అలాగే ఉంచేయండి.

ఇప్పుడు మాటలు. బ్లూస్ చరణానికి మూడు పాదాలు, పాదానికి నాలుగు బార్లు. మొదటి పాదాన్నే రెండోసారీ పాడతారు, మూడోది దానికి జవాబు.

బడి గంట మోగింది, నా పుస్తకం కనబడలేదు
బడి గంట మోగింది, నా పుస్తకం కనబడలేదు
తమ్ముణ్ణి అడిగితే వాడు గుమ్మం దాటి నిలబడలేదు

రెండోసారి అవే మాటలు ఎ కార్డు మీద పడతాయి. గొంతు మార్చకపోయినా దిగులు ఒక మెట్టు పెరుగుతుంది. ఇది చెప్తే తెలియదు, పాడి వినాలి. రెండో పాదాన్ని ఒకసారి ఇ మీదే ఉంచి పాడండి, వెంటనే ఎ మీద పాడండి. కార్డు ఎందుకు మారాలో పిల్లల చెవికే తెలిసిపోతుంది.

పాదం సుమారు రెండు బార్లలో అయిపోతుంది. మిగతా రెండూ గిటార్‌వి, అక్కడ నడక ఆపొద్దు.

ఈ వారం సాధన: ఒకరు వాయిస్తే ఇంకొకరు పాడాలి. చరణం మీ ఇంట్లో జరిగిన సంగతి మీదే కట్టండి. కార్డు మారే చోట వాయించేవాళ్లు తలెత్తి పాడేవాళ్లను చూడాలి, ఫ్రెట్లను కాదు. ఐదో పాఠంలో గిటార్‌కి మిగిలిన ఆ రెండు బార్లలో ఏం వాయించాలో చూద్దాం. వాడే స్వరాలు స గ2 మ1 ప ని2, అంటే శుద్ధ ధన్యాసి రాగం స్వరాలే.