ఎండాకాలపు బాలింత: ‘ఉడుకు చేసింది’ అనే ముందు

అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల్లో మార్చి నుంచి జూన్ మొదటి వారాల మధ్య కాన్పు ఉన్నవారూ, కూతురిని పురిటికి తెచ్చుకుంటున్న తల్లులూ కొన్ని సంగతులు ముందే మాట్లాడుకొని ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ పగటి ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. తలుపులు మూసిన గది, చెవుల్లో దూది, తలకు గుడ్డ, మంచం దగ్గర బొగ్గుల కుంపటి, దాహానికి రెండు గుక్కల వేడినీళ్ళు అనే మన పురిటి పద్ధతులు చలికాలంలో ఎలాగో గడిచిపోతాయి గాని, మే నెలలో అవే బాలింతను మంచాన పడేస్తాయి.

నా రెండవ కాన్పు మే నెలలో అనంతపురంలో జరిగింది. ఆరో రోజున మూత్రం మంట మొదలై తొమ్మిదో రోజుకు చలిజ్వరం పట్టుకున్నా, ఇంట్లో అందరూ ‘ఉడుకు చేసింది’ అన్నారు. నేనూ ఆ మాటే నమ్మాను. ఉడుకు చేసిందని ఒకవైపు అంటూనే, పచ్చి బాలింతకు నీళ్ళు ఎక్కువైతే వాతం చేస్తుందని మరోవైపు చెంబు దాచిపెట్టారు. చివరికి ఆసుపత్రిలో అది మూత్రనాళపు ఇన్ఫెక్షన్ అని తేలింది. తరువాత మా బంధువుల్లో వేసవిలో కాన్పైన ఆడవాళ్ళను అడిగితే, దాదాపు ప్రతి ఒక్కరూ ఇలాంటి కథే చెప్పారు. ఎండాకాలంలో బాలింత చెప్పే ప్రతి బాధకూ వేడే కారణమనుకోవడం మనకు అలవాటైపోయింది.

కాబట్టి మొదటి జాగ్రత్త నీళ్ళు. చనుబాలలో సుమారు 88 శాతం నీరే. అది తల్లి ఒంటినుంచే పోతుంది. దానికి చెమట తోడైతే, తాగే నీళ్ళు తగ్గించిన బాలింతకు మూత్రం ముదురు పసుపు రంగులోకి మారి మంట పుడుతుంది, మలబద్ధకంతో కుట్లు నొప్పెడతాయి. అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది: కాన్పు తరువాత ఆరు వారాల వరకు రక్తం గడ్డకట్టే గుణం మామూలుకన్నా ఎక్కువగా ఉంటుంది కనుక, నీళ్ళు లేకుండా, కదలకుండా పడుకొనే ఉంటే కాలి రక్తనాళాల్లో రక్తపు గడ్డలు ఏర్పడవచ్చు. ఒకే పిక్క వాచి నొప్పిగా ఉన్నా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా, కాలు పిసికించుకుంటూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. బిడ్డకు పాలిచ్చే ప్రతిసారీ పక్కన ఒక గ్లాసు కాచి చల్లార్చిన నీళ్ళో, పలుచటి మజ్జిగో, రాగి అంబలో ఉంచడం ఇంట్లోవాళ్ళ బాధ్యతగా పెట్టుకోవాలి. సిజేరియన్ అయినవారు సైతం డాక్టరు చెప్పిన ప్రకారం లేచి నడవాలి. మా ఊళ్ళలో వేసవిలో కొళాయి నీళ్ళు రోజు విడిచి రోజైనా రావు కాబట్టి, తాగడానికీ, శుభ్రానికీ సరిపడా నీళ్ళ ఏర్పాటు నెలలు నిండకముందే చూసుకోవడం మంచిది.

గదిలో గాలి ఆడాలి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే వెలువడే విషవాయువుకు వాసన ఉండదు. తల్లికీ బిడ్డకూ తెలియకుండానే ప్రాణం మీదికి వస్తుంది. సాంబ్రాణి పొగ పసిగుడ్డు ఊపిరికి మంచిది కాదని జేజికి చెప్పడం కష్టమే గాని, చెప్పక తప్పదు. కిటికీకి తడి గుడ్డ వేలాడదీసి, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా మంచం జరిపితే చాలు.

ఇక, వేడి మీదికి నెట్టకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళవలసిన లక్షణాలు ఇవి. జ్వరం 100.4 ఫారన్‌హీట్ డిగ్రీలు దాటితే దానిని పాల జ్వరమని వదిలేయకూడదు; గర్భసంచిలోనో, కుట్లలోనో, రొమ్ములోనో చీము పట్టి ఉండవచ్చు. గంటలోపే ప్యాడు పూర్తిగా తడిసిపోయినా, నిమ్మకాయకన్నా పెద్ద గడ్డలు పడినా, మైల దుర్వాసన వేసినా ఆలస్యం పనికిరాదు. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం ఉబ్బడం కనిపిస్తే అది ఎండకు వచ్చిన తలనొప్పి అనుకోవద్దు. గర్భంతో ఉన్నప్పుడు బీపీ ఎన్నడూ లేనివారికి కూడా కాన్పైన ఆరు వారాలలోపు అది పెరిగి ఫిట్సు రావచ్చు. ఇంట్లో డిజిటల్ థర్మామీటరు ఒకటి ఉంచుకోండి, చేతితో నుదురు తాకి చెప్పే లెక్క వేసవిలో పనిచేయదు. 108కు ఫోను చేయవలసి వస్తే ఎవరు వెంట వెళ్ళాలో, డిశ్చార్జి కాగితాలు ఎక్కడున్నాయో ముందే అనుకొని ఉండాలి.

బిడ్డ సంగతి. గొంతెండుతుందని పసిబిడ్డకు నీళ్ళు, చక్కెర నీళ్ళు పోయకూడదు. ఆరు నెలల వరకు ఎంత ఎండలోనైనా తల్లిపాలే దాహమూ ఆకలీ తీరుస్తాయి. ఐదో రోజు తరువాత రోజుకు ఆరుసార్లైనా మూత్రం పోస్తుంటే పాలు చాలుతున్నట్టే. పలుచటి నూలుబట్ట ఒక్కటి చాలు. కామెర్లకని బిడ్డను ఎండలో పడుకోబెట్టడం ఇక్కడ మరీ ప్రమాదం. పసుపు అరచేతులకు, అరికాళ్ళకు పాకితే డాక్టరు చూడవలసిందే. రెండు నెలలు నిండని బిడ్డకు జ్వరం వస్తే ఇంట్లో మందు వేయకండి.

పథ్యం విషయంలో పెద్దవాళ్ళతో పోట్లాడవలసిన అవసరం లేదు. వెల్లుల్లి కారం, కాయం పెడితే పెట్టనివ్వండి, పప్పు, ఆకుకూర, గుడ్డు మాత్రం మానిపించనివ్వకండి. ఐరన్, కాల్షియం మాత్రలు కాన్పు తరువాత 180 రోజులు వాడాలి, రెండూ ఒకే పూట కలిపి మింగకూడదు. ఐరన్ వేసుకుంటే ఉడుకు చేస్తుందని వేసవిలో మానేసేవారు చాలామంది, నేనూ వారం రోజులు మానేశాను.

నిద్ర, తిండి సరిగా లేక, ఏడుపు ఆగక, బిడ్డమీద మనసు నిలవని స్థితి రెండు వారాలు దాటితే అది కూడా వేడి కాదు, గాలి సోకడమూ కాదు. ఫోనులో మాట్లాడాలనుకుంటే, మనసు బాధలకు ప్రభుత్వం నడిపే సహాయవాణి టెలి మానస్ సంఖ్య 14416. ఆసుపత్రిలో కాన్పైన ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలి. ఆమె వచ్చినప్పుడు బిడ్డను తూచి చూపించి పంపించేయకుండా, బాలింత తన బాధలు అత్తగారి ముందు కాకుండా విడిగా చెప్పుకొనే వీలు కల్పించండి. మూత్రం మంట సంగతి నేను అలా చెప్పుకోలేకనే మూడు రోజులు ఆలస్యమైంది.