హైపర్ ఐజీఎం (పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపం) ఉన్న పిల్లాడిని పండక్కి ఊరు తీసుకెళ్లే ముందు

సంక్రాంతికి ఆమదాలవలస వైపు అమ్మమ్మగారింటికి వెళ్తుంటే ముందు నీళ్ల సంగతి చూడండి, విరోచనాలు పట్టించే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవికి క్లోరిన్ లెక్కే లేదు, బ్లీచింగ్ కలిపారులే అని ఊరుకోకండి, ఒక నిమిషమైనా బాగా తెర్లనిచ్చి చల్లార్చి పట్టండి, పళ్లు తోముకోడానికీ అవే.

- నాగావళిలో స్నానం వద్దు, అలిగితే అలగనీండి
- పశువుల శాలలో చిన్న దూడల దగ్గరికి పంపొద్దు, వాటి నుంచీ ఇది అంటుకుంటుంది, విరోచనాలు అవుతున్న దూడైతే అసలే వద్దు. శానిటైజర్ ఈ పరాన్నజీవికి పనిచెయ్యదు, చేతులు సబ్బుతోనే కడగాలి
- ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు) ఎక్కించాంగా అంటారు, దాని మీదే భరోసా పెట్టుకోకండి

విరోచనాలు తగ్గకపోతే మామూలు మోషన్ టెస్టులో ఈ పరాన్నజీవి దొరక్కపోవచ్చు, యాసిడ్ ఫాస్ట్ స్టెయిన్ (మోషన్‌కి రంగు వేసి చూసే పరీక్ష) చెయ్యమని అడగండి, హైపర్ ఐజీఎం ఉన్నవాళ్లలో ఇది పేగుల్లోనే ఆగకుండా పిత్తనాళాలకి ఎక్కి లివర్ పాడుచెయ్యొచ్చు, అందుకే పిల్లాడి వైద్యం ఫైల్ బ్యాగులోనే ఉంచండి.