సీఓపీడీ ఉన్నవారిలో మతిమరుపు కనిపిస్తే ఏం చేయాలి?

శరీర బరువులో మెదడు వాటా దాదాపు 2 శాతమే అయినా, విశ్రాంతి వేళ మనం వాడుకునే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం దానికే ఖర్చవుతుంది. అందుకే ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకై ఆక్సిజన్ సరిగా అందకుండా చేసే దీర్ఘకాలిక జబ్బు సీఓపీడీతో ఏళ్ల తరబడి బాధపడేవారిలో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, ఒక పనిని వరుస తప్పకుండా చేసే నేర్పు సన్నగిల్లవచ్చు. ఇంట్లోవారు దీన్ని వయసు ప్రభావమనో మొండితనమనో అనుకుంటుంటారు.

1. మార్పు ఎంత వేగంగా వచ్చిందో చూడండి. నిన్నటిదాకా బాగున్న మనిషి ఉన్నట్టుండి మగతగా ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడినా, అది ఇన్ఫెక్షన్ వల్ల గానీ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం వల్ల గానీ కావచ్చు కనుక వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంట్లో ఆక్సిజన్ వాడుతున్నవారికి ప్రవాహాన్ని సొంతంగా పెంచకూడదు; ఆక్సిజన్ మరీ ఎక్కువైతే కొందరిలో కార్బన్ డయాక్సైడ్ ఇంకా పేరుకోవచ్చు. కార్బన్ డయాక్సైడ్ నిలిచిపోయే అవకాశం ఉన్నవారికి వైద్యులు రక్తంలోని ఆక్సిజన్ శాతాన్ని సాధారణంగా 88–92 మధ్యే ఉంచేది ఇందుకే.

2. మార్పు మెల్లగా వచ్చినదైతే, ఇన్‌హేలర్ వాడి చూపించమనండి. ‘వాడుతున్నారా?’ అని అడిగితే ‘ఆ’ అనే జవాబే వస్తుంది, కానీ అసలు సంగతి చేతుల్లో తెలుస్తుంది. స్ప్రే రకమైతే బాగా ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, నెమ్మదిగా లోపలికి పీలుస్తూనే నొక్కి, 10 సెకన్ల పాటు బిగపట్టాలి. పొడి రకమైతే గట్టిగా, వేగంగా పీల్చాలి. ఒకప్పుడు సరిగ్గా చేసినవారు ఇప్పుడు మధ్యలో ఆగిపోతున్నా, రెండు రకాల పద్ధతులను కలగలిపేస్తున్నా వైద్యుడికి చెప్పండి. ఇది రోగనిర్ధారణ కాదు. అయితే మతిమరుపు ముందుగా దెబ్బతీసేది మందునే కాబట్టి, నా దృష్టిలో ఇంతకన్నా పనికొచ్చే ఇంటి పరీక్ష లేదు. స్ప్రే ఇన్‌హేలర్‌కు స్పేసర్ (మందును పట్టి ఉంచే గొట్టం) జోడించడం, అన్ని మందులనూ ఒకే రకం పరికరంలోకి మార్చడం వంటి వీలు ఉందేమో అడగండి.

3. మెదడు పనితీరు పరీక్ష చేయమని కోరండి. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత వంటివాటిని ప్రశ్నలతో అంచనా వేసే, 2005లో ప్రచురితమైన మోకా (MoCA) పరీక్షకు 30 మార్కులు. 26 కంటే తక్కువ వస్తే, చదువు స్థాయిని కూడా లెక్కలోకి తీసుకుని, లోతుగా పరిశీలిస్తారు. బి12 లోపం, థైరాయిడ్, కుంగుబాటు, నిద్రలో శ్వాస ఆగడం, నిద్రమాత్రలు కూడా మతిమరుపు తేగలవు. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది.

4. పొగ మాన్పించండి. దీర్ఘకాలిక ఆక్సిజన్ రాసి ఉంటే రోజుకు కనీసం 15 గంటలు అందేలా చూడండి. ఏ సూచన చెప్పినా ఒక్కొక్కటిగా చెప్పి, వారి మాటల్లో తిరిగి చెప్పించుకోండి.